కళ్లు పెట్టిన చెయ్యి

గద్వాల నుంచి ముజమ్మిల్ పంపిన సిపాయిలకు కళ్లు లేవు. వనపర్తి నుంచి వచ్చిన ఫోటోలో ఉన్నాయి. పోయినవారం మనం ముజమ్మిల్‌ని వదిలింది అక్కడే, గద్వాలలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో, కంప్యూటర్ తెర ముందు.

బొటనవేలంత ఎత్తు సీసం సిపాయిలవి. నూట ఇరవై మంది మైసూరు దండు, నూట ఇరవై మంది తెల్లదొరల కుంఫినీ దండు. చేతులు ఒక పొట్లంలో, తుపాకులు ఒక పొట్లంలో వస్తాయి. ఆకురాయితో రాకి, అతికించి, ఆరబెట్టి, రంగులేసి, బెంగుళూరులో కర్నల్ నాగప్ప గారి బల్లమీద యుద్ధానికి నిలబెట్టాలి. రిటైరైన ఆ కర్నల్‌కి పాచికలు వేసుకుంటూ, కొలబద్దతో అడుగులు కొలుచుకుంటూ పాత యుద్ధాలు మళ్లీ ఆడుకోవడమంటే పిచ్చి. ముజమ్మిల్ మూడు నెలలు కూర్చున్నాడు. మైసూరు వాళ్ల ఊదారంగు కోట్ల మీద పులిచారలకే నెల పట్టింది. అంతా చేసి, కళ్లు మాత్రం పెట్టలేదు. కన్ను పెట్టడమంటే ప్రాణం పొయ్యడం, అది దేవుడి పని అని నమ్మిన తండ్రికి, ఆయన చనిపోయేముందు, పెట్టనని మాటిచ్చాడు.

ఇవాళ మధ్యాహ్నం రెండింటికి కర్నల్ స్వయంగా వనపర్తి వచ్చి సైన్యాన్ని తీసుకుపోతాడు. తీసుకుపోయి అద్దాల బీరువాలో పెట్టి, కింద ఇత్తడి పలక మీద రంగులేసినవాడి పేరు చెక్కిస్తాడు. ఆ పలక కోసమే ముజమ్మిల్ మూడు నెలలు వేరే పని ముట్టలేదు.

పొద్దున్నే బస్సెక్కాడు. ఎర్రవల్లి చౌరస్తాలో దిగి ఇంకో బస్సు పట్టుకున్నాడు. బీచుపల్లి వంతెన మీద పక్కసీటాయన కిటికీలోంచి కృష్ణలోకి రూపాయి విసిరి దండం పెట్టుకుంటుంటే, చెయ్యి అడ్డమొచ్చిందని కసురుకున్నాడు. పెబ్బేరు దాటేసరికి ఏం అడగాలో, ఎలా అడగాలో కూడబలుక్కున్నాడు. వనపర్తిలో దిగేసరికి అదంతా మరిచిపోయాడు.

పదకొండున్నరకి శ్రవణ్ కుమార్ ఇంటర్నెట్ సెంటర్ అద్దం తలుపు తోశాడు.

"ఎవరు పెట్టిండ్రు?"

శ్రవణ్ కుమార్ కుర్చీలోంచి లేచాడు. ఈ-మెయిల్‌లో ఆర్డర్లు తెచ్చి పంచిపెట్టేది అతనే. మాట తీపి మనిషి. ఎదుటివాడికి కోపమొస్తే ముందు చాయ్ తెప్పిస్తాడు.

"కూసో భాయ్. ఎండల వడి వచ్చినవ్. చాయ్ చెప్త."

"నీ చాయ్ నువ్వే తాగు. కళ్లు ఎవరు పెట్టిండ్రని అడుగుతున్న."

"కర్నల్ సాబ్ మెయిల్ చేసిండు. గుడ్డోళ్ల దండుతోని యుద్ధమేం చేస్తరయ్యా, కళ్లన్న పెట్టియ్యి లేకుంటే వాపస్ అన్న తీస్కో అన్నడు. నీకు ఫోన్ చేస్తే ఏమంటవో నాకెరుకనే. పెట్ట అంటవ్."

"ఎరుకై గూడ చేయించినవ్."

"ఎరుక గావట్టే చెప్పకుంట చేయించిన."

బల్ల మీద నాలుగు డబ్బాలూ తెరిచి ఉన్నాయి. ముజమ్మిల్ వంగి ఒక మైసూరు సిపాయిని తీసుకున్నాడు. తన పులిచారలే. తన బొత్తాలే. తుపాకి తోలుపట్టీ మీద సన్నటి పసుపు అంచు కూడా తనదే. తలపాగా మాత్రం తనది కాదు.

ముజమ్మిల్ పనిలో ఒక ఉపాయం ఉంది. తలపాగా అంచుకి ఇంకో పొర పుట్టీ పెట్టి నుదుటి మీదికి జార్చేవాడు. కనుగుంటల్లో పలచటి నల్లరంగు దింపి వదిలేసేవాడు. చూసేవాళ్లకి అది తలపాగా నీడ. ముజమ్మిల్‌కి అది తండ్రికిచ్చిన మాట. ఇప్పుడా పుట్టీ లేదు. సన్నటి కత్తితో గోరుమందాన గీకేశారు. గీకినచోట మళ్లీ ఎరుపు వేశారు. ఎరుపు ఎక్కడ అతికిందో కనిపెట్టడానికి శ్రవణ్ టేబుల్ మీది భూతద్దం కావలసి వచ్చింది.

అప్పుడు కళ్లు చూశాడు.

ఒక తెల్లగీత. దాని మీద ఒక గోధుమరంగు చుక్క. పైన రెప్పగీత, వెంట్రుక కంటే సన్నం. ఇంకో సిపాయిని తీశాడు. ఇంకొకణ్ణి. ఒకడు భయపడుతున్నాడు. ఒకడు నిద్ర చాలనట్టున్నాడు. కుంఫినీ దండులో బాజా వాయించేవాడు పక్కవాణ్ణి ఓరగా చూస్తున్నాడు. రెండు వందల నలభై మందికీ రెండు వందల నలభై చూపులు.

బాగోలేకపోతే తిట్టేవాడు. తిట్టడానికి సందివ్వలేదు ఆ చెయ్యి.

బోర్డులు రాసే ఇంట్లో పుట్టినవాడికి గీత చూస్తే చాలు, బ్రష్షు ఎక్కడ ఆనిందో ఎక్కడ లేచిందో తెలిసిపోతుంది. కుడిచేతివాళ్లు గీస్తే రెప్పగీత ఎడమపక్క బలంగా మొదలై కుడికి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఇక్కడ తిరగబడి ఉంది. ఇంకో పది సిపాయిల్ని భూతద్దం కింద పెట్టాడు. పదిమందికీ అంతే. ఎడమచెయ్యి. బ్రష్షు పట్టగల ఎడమచేతి మనిషి ముజమ్మిల్ ఎరుకలో ఒక్కతే ఉంది.

"మెహజబీన్," అన్నాడు, తనలో తను అనుకున్నట్టు.

"ఆఁ, భాయ్," అని జవాబొచ్చింది ప్లైవుడ్ అడ్డుగోడ అవతల నుంచి.

శ్రవణ్ కుమార్ చాయ్ తేవాలన్నట్టు గుమ్మం వైపు చూశాడు కానీ కదల్లేదు.

ముజమ్మిల్ చెల్లెలు బయటికొచ్చింది. నాగర్‌కర్నూల్లో కాపురం. మొగుడు ఉవైస్‌ది గడియారాల రిపేరు దుకాణం. సెల్‌ఫోన్లొచ్చాక చేతి గడియారాలు కట్టేవాళ్లు తగ్గి దుకాణం ఈగలు తోలుకుంటోంది. అతను కంటికి పెట్టుకునే అద్దం ఇప్పుడు ఆమె ఎడమచేతిలో ఉంది. బుర్ఖా ముసుగు వెనక్కి వేసుకుంది. చూపుడువేలి గోరు మీద గోధుమరంగు చుక్కలు, రంగు పలచన చూసుకున్న గుర్తులు. అలా గోటి మీద చూసుకోవడం వాళ్ల తండ్రి అలవాటు.

"ఎంత కాలం నుంచి?" అన్నాడు ముజమ్మిల్. ఉర్దూలో అడిగాడు, ఇంటిమాట ఇంట్లోనే ఉండాలని.

ఆమె తెలుగులో చెప్పింది, శ్రవణ్‌కి కూడా వినపడాలని. "మూడేండ్లు."

"అంటే ఆ హైదరాబాద్ పార్టీ..."

"హైదరాబాద్ గాదు. నాగర్‌కర్నూల్, బస్టాండ్ ఎనక గల్లీ. మాది రేకుల ఇల్లు. నువ్వెప్పుడన్న వస్తే గద కనపడేది."

మూడేళ్లుగా శ్రవణ్ నోట ముజమ్మిల్ విన్న మాట ఆ హైదరాబాద్ పార్టీ. ఫారిన్ ఆర్డర్లన్నీ ఆ పార్టీకే పోయేవి. ఏం చేత్తో చేస్తాడో చూడాలని ఒకసారి శ్రవణ్‌ని బతిమాలి ఒక నమూనా తెచ్చుకున్నాడు, ముఖాన్ని ఇనుప ముసుగు కప్పిన ఒక గుర్రపు రౌతు. దాన్ని గద్వాలలో తన బల్ల మీద ఎదురుగా పెట్టుకుని నీడలెలా వేశాడో చూసి నేర్చుకున్నాడు. తల్లి జమీలాబీకి చూపించి, 'చూడమ్మీ, చెయ్యంటే గిది' అన్నాడు. ఆమె దాన్ని చాలాసేపు పట్టుకుని చూసింది. ఏమీ అనకుండా తిరిగిచ్చేసింది.

"అమ్మీకి తెలుసా?"

"ఎందుకు తెల్వదు?"

"అందరికి తెలుసు. నాకొక్కనికే తెల్వదు."

"నీకు చెప్తే ఏం జేస్తవో గూడ అందరికి తెలుసు. బ్రష్షు ఇరుస్తవ్."

ముజమ్మిల్ ముఖం మాడిపోయింది. పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు మెహజబీన్ ఒక పాత రేకు బోర్డు వెనక రామచిలకను వేసింది. ఎడమచేత్తో వేసింది. కన్నుతో సహా వేసింది. అది చూసి బ్రష్షు లాక్కుని మోకాలికేసి విరిచింది తండ్రి కాదు. పదహారేళ్ల ముజమ్మిల్.

"గప్పుడు చిన్నోన్ని," అన్నాడు.

"నేను నీకంటె చిన్నదాన్ని."

"జర ఆగుండ్రి," అన్నాడు శ్రవణ్ మధ్యలోకొచ్చి. "తప్పు నాది. తిట్టేదుంటే నన్ను తిట్టుండ్రి. కర్నల్ సాబ్ రెండింటికి వస్తుండు. గప్పటిదాంక..."

"నువ్వు నోర్ముయ్," అన్నారు అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకేసారి. వాళ్లిద్దరి మాటా కలిసింది ఆ రోజు మొత్తం మీద అక్కడొక్కచోటే.

"నా సైన్యం మీద చెయ్యేస్తవా నువ్వు?" ముజమ్మిల్ గొంతు పెరిగింది. చివర కంప్యూటర్ దగ్గర రైల్వే టికెట్ చూసుకుంటున్న ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు. "మూడు నెలలు. ఒక్కొక్క కోటు మీద ముప్పై నాలుగు చారలు. నడుము పట్టేస్తే బెల్టు కట్టుకొని కూసున్న. గిప్పుడొచ్చి మీద రెండు చుక్కలు పెట్టి నీదంటవా?"

"నాదని ఎవరన్నరు? కోట్లు నీవే. సక్కగున్నయ్. నీ అసొంటి చెయ్యి నేనెక్కడా చూడలే." ఆమె గొంతు పెంచలేదు. "గని మొఖాలు నువ్వు ఇడిసిపెట్టినవ్. ఇడిసిపెట్టిన జాగల నేను వేసిన."

"ఇడిసిపెట్టలే. మాట ఇచ్చిన. అబ్బాజాన్‌కి."

"నువ్విచ్చినవ్. నేనియ్యలే."

"ఆయన బిడ్డవేగా నువ్వు?"

"బిడ్డనే. నన్నడిగితే నేను గూడ ఇస్తుంటినేమో. ఎవరడిగిండ్రు? నేను బ్రష్షు పడతనని ఇంట్ల ఎవనికన్న కలల గూడ రాలే. మాట తీస్కునుడు గూడ నీకాడనే తీస్కున్నరు."

బల్ల చివర బ్రష్షులు కడిగే టర్పెంటాయిల్ సీసా ఉంది. పక్కన పాతగుడ్డ ఉంది. ముజమ్మిల్ రెండూ తీసుకున్నాడు.

"భాయ్, భాయ్!" శ్రవణ్ అడ్డమొచ్చాడు. "రెండు గంటలు గూడ లేవు. ఏంజేస్తున్నవ్?"

"తుడుస్త. నేను పంపినట్లనే కర్నల్‌కి ఇస్త. తీస్కుంటె తీస్కుంటడు. లేకుంటె లేదు. మా అబ్బాజాన్ నలభై ఏండ్లు రాసిండు. సినిమా టాకీసోడు ఇంటిముంగట జీపు వెట్టి, హీరోయిన్ మొఖం గీయి పాషా, ఏడాది రాబడి ఒక్క నెలల ఇస్త అంటే పోలే. అక్షరాలు రాసిండు, పూలు రాసిండు, అంతే. జిందగీల ఒక్క కన్ను పెట్టలే ఆయన. నేను పెట్ట. నా పని మీద ఎవ్వర్ని పెట్టనియ్య."

మెహజబీన్ చేతిలోని అద్దాన్ని బల్ల మీద పెట్టింది.

"పెట్టిండు," అంది.

"ఏంది?"

"అబ్బాజాన్. కన్ను పెట్టిండు."

ముజమ్మిల్ నవ్వాడు. వెటకారంగా నవ్వాలనుకున్నాడు కానీ అలా రాలేదు.

"నువ్వు పదో తరగతి తప్పి మామయ్యకాడ ఉన్నప్పుడు. దసరా సెలవులు. నన్ను ఎంటబెట్టుకొని అయిజ పోయిండు, ఎరువుల దుకాణం బోర్డు రాయనీకి. అక్కడ నాటకపోళ్లు దిగిండ్రు. వాళ్ల తెర రాసేటోనికి జరం. తెర మీద గుర్రం సగం రాసి పండుకున్నడు. ఆ పొద్దుమీకే నాటకం. వాళ్లొచ్చి కాళ్లు పట్టుకున్నరు. తలకాయ ఒక్కటి రాసియ్యి పాషా భాయ్, పిల్లగాండ్లతోని ఉపాసం ఉంటం అని ఏడ్చిండ్రు. అబ్బాజాన్ రాసిండు. చెవులు రాసిండు, జూలు రాసిండు. అన్ని అయినంక చాలసేపు నిలవడ్డడు. కన్ను పెట్టిండు."

శ్రవణ్ కుమార్ వింటూ వింటూ స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"పెట్టినంక బ్రష్షు గూడ కడగలే. పోయి దూరంగ ఒక బండరాయి మీద కూసున్నడు. నేను పోయి, శాన బాగుంది అబ్బాజాన్, అది నన్నే చూస్తుంది అన్న. నా దిక్కు చూడకుంట, బేటీ, గీ ముచ్చట భాయ్‌కి చెప్పకు అన్నడు. ఎందుకని అడిగిన. వాడు నన్ను పెద్దగ అనుకుంటడు, వాని ముంగట నేను చిన్నగైపోత అన్నడు."

మెహజబీన్ గోటి మీది గోధుమరంగు చుక్కను గీకుకుంది.

"చెప్పలే నేను. పద్దెనిమిదేండ్లాయె. నువ్వు నా బ్రష్షు ఇరిచింది ఆ తర్వాతి నెలనే. ఆయన వాకిట్లనే ఉన్నడు, చూస్తనే ఉన్నడు. ఒక్క మాట అనలే. నా దిక్కు చూసి తలకాయ దించుకున్నడు. గప్పుడు చెప్పొచ్చు నేను. చెప్పలే."

"అబద్ధం," అన్నాడు ముజమ్మిల్.

అబద్ధం కాదని తెలుస్తూనే ఉంది. 'వాని ముంగట నేను చిన్నగైపోత.' అది ముమ్మాటికీ తండ్రి మాటే. ఇంకెవరూ అల్లలేరు దాన్ని. చివరి రోజుల్లో కొడుకు బొమ్మల పని పట్టుకున్నాడని తెలిసి ఆయన మంచం మీంచి చెయ్యి పట్టుకుని 'కన్ను మాత్రం పెట్టకు బేటా' అన్నప్పుడు ఆ పట్టులో ఎందుకంత భయం ఉందో మూడేళ్లకు ఇప్పుడు అర్థమవుతోంది. ఎన్నడూ చెయ్యనివాడి హెచ్చరిక కాదది. చేసినవాడి హెచ్చరిక.

అర్థమైనందుకే ఒళ్లు మండిపోయింది. తండ్రి మీద కోపం రావాలి. ఆయన లేడు. చెల్లెలు ఉంది.

గుడ్డ తడిపి, చేతికందిన మొదటి సిపాయి ముఖాన్ని ఒక్క తుడుపు తుడిచాడు.

ఎనామెల్ ఇంకా గట్టిపడలేదు. కళ్లు పోయాయి. వాటితో పాటు ముక్కు మీది వెలుగు, బుగ్గల గోధుమరంగు, మీసం, అన్నీ పోయాయి. తను మూడు పొరలుగా వేసిన ముఖం గుడ్డకు అంటుకొచ్చింది. కోటు మీద ముప్పై నాలుగు పులిచారలు. పైన బోడి సీసం.

మెహజబీన్ ఆపలేదు. ఏడవలేదు. అద్దం మీది వేలిముద్రను బుర్ఖా కొంగుతో తుడుచుకుంది.

"ఇంకా రెండొందల ముప్పై తొమ్మిది ఉన్నయ్," అంది. "కానీయ్."

ముజమ్మిల్ రెండో సిపాయి మీదికి చెయ్యి చాపాడు. బాజా వాయించేవాడు. పక్కవాణ్ణి ఓరగా చూస్తున్నవాడు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

బయట కారు హారన్ మోగింది. శ్రవణ్ కిటికీలోంచి చూసి, "అమ్మో, ముందే వచ్చిండు," అన్నాడు. సీసాని లాక్కుని బల్ల కింద దాచాడు. ముజమ్మిల్ ముఖం లేని సిపాయిని చొక్కా జేబులో వేసుకున్నాడు. జేబు దగ్గర టర్పెంటాయిల్ తడి రూపాయి బిళ్లంత పాకింది.

కర్నల్ నాగప్ప పొట్టి మనిషి. బట్టతల. పుట్టింది రాయచూరు వైపు కావడంతో తెలుగు బాగానే వస్తుంది, నడుమ నడుమ కన్నడం దొర్లుతుంది. చేతిలో చిన్న అట్టపెట్టె ఉంది. ఎవరినీ పలకరించలేదు. నేరుగా బల్ల దగ్గరికొచ్చి, డెబ్బై ఏళ్ల మోకాళ్లు రెండూ నేలకానించి, కళ్లు బల్ల అంచుకి సమంగా పెట్టి చూశాడు. సిపాయిల ఎత్తుకి తను దిగాడు.

అలా ఎంతసేపున్నాడో. శ్రవణ్ చాయ్ మాట కూడా ఎత్తలేదు.

"నలభై ఏళ్లుగా ఆడుతున్నానప్పా ఈ ఆట," అన్నాడు చివరికి, లేవకుండానే. "ఇంగ్లండ్‌లో చేసినవి తెప్పించాను. కలకత్తాలో చేసినవి తెప్పించాను. అన్నిటినీ నేను చూశాను. ఇవి నన్ను చూస్తున్నాయి." లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయేమో, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "తుంబ చెన్నాగిదె, చాలా బాగున్నాయి. ఈ బాజా వాయించేవాణ్ణి యుద్ధానికి పంపాలంటే నాకు మనసొప్పదు."

జేబులోంచి చిన్న పుస్తకం, పెన్ను తీశాడు.

"పలక కోసం పేరు కావాలి. కోట్లు మంచివే, చాలా మంచివే. కానీ కోట్లు వేసేవాళ్లు ఇంకా దొరుకుతారు. నాకు కళ్లు పెట్టినవాడి పేరు బేకు. ఎవరప్పా పెట్టింది?"

శ్రవణ్ నోరు తెరిచాడు. మెహజబీన్ అతని వైపు చెయ్యి ఎత్తి ఆపింది.

"మా భాయ్ చెప్తడు సార్," అంది. "మా ఇంట్ల పెద్దోడు ఆయననే."

ఆమె గొంతులో వెటకారం లేదు. అదే ముజమ్మిల్‌ని ఇరుకున పెట్టింది. అన్న ఏం చెప్తాడో చూద్దామని పద్దెనిమిదేళ్లుగా దాచుకున్న ఒక్క ఆశను తెచ్చి నడిబల్ల మీద పెట్టిందామె. తీసి చేతికివ్వడానికి మూడు మాటలు చాలు. మా చెల్లె పెట్టింది.

చెప్పాలనే అనుకున్నాడు. నాలుక దాకా వచ్చింది కూడా. కానీ పెన్ను కాగితం మీద ఆనించి ఉంది. ఊరందరి పేర్లూ రాసిన ఇల్లు వాళ్లది. కిరాణా కొట్ల పేర్లు, డాక్టర్ల పేర్లు, సర్పంచుల పేర్లు. ఫ్లెక్సీలొచ్చాక నెలరోజుల్లో అన్నీ ఊడదీసి తుక్కు కింద అమ్ముకున్నారు. ఆ ఇంటి పేరు ఒక్కచోట, ఇత్తడి మీద, ఊడని అక్షరాలతో ఉండబోతోంది. చారలేసిన నడుమునొప్పి తనది. పేరు ఆమెది అవుతుందా?

"నేనే సార్. ముజమ్మిల్, గద్వాల," అన్నాడు.

శ్రవణ్ కుమార్ తల పక్కకి తిప్పేసుకున్నాడు.

మెహజబీన్ ఒక్కసారి తలూపింది, దుకాణంలో ఫలానా సరుకు లేదంటే సరే అన్నట్టు. అద్దాన్ని చేతిరుమాలులో చుట్టి సంచిలో పెట్టుకుంది. తర్వాత తన బ్రష్షులు ఒక్కొక్కటే తీసి పెట్టుకోవడం మొదలుపెట్టింది.

"ముజమ్మిల్, గద్వాల," అని పైకి చదువుకుంటూ రాసుకున్నాడు కర్నల్. పుస్తకం మూసి, అట్టపెట్టె తెరిచాడు. "నాకు తెలుసు నువ్వేనని. చేతులు చూస్తే తెలుస్తుంది. అందుకే ఇది తెచ్చాను, నోడు, చూడు."

దూదిలోంచి ఒక బొమ్మ తీసి బల్ల మధ్యలో నిలబెట్టాడు. గుర్రం మీద సేనాపతి. మిగతా సిపాయిలకు రెండింతలుంది. జరీ కోటు, నడుముకి కత్తి, గుర్రం నోట్లో నురగ, అన్నీ ఎవరో మంచి పనివాళ్లే పూర్తి చేశారు. ముఖంలో రెండు గుంటలు మాత్రం తెల్లగా, ఖాళీగా ఉన్నాయి.

"మా వైపు శిల్పులకు ఒక పద్ధతి ఉంది. విగ్రహం అంతా చెక్కి, కళ్లు ఆఖరున తెరుస్తారు. అందరి ఎదుటా తెరుస్తారు. అప్పటిదాకా అది రాయి. నా సేనాపతిని కూడా అలాగే ఉంచాను. ఎవరినీ ముట్టనివ్వలేదు. ఇవాళ నా ఎదుట నువ్వు తెరవాలి." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కళ్లజోడు సరిచేసుకున్నాడు. చిన్నపిల్లాడిలా రెండు మోచేతులూ బల్ల మీద ఆనించుకున్నాడు. "కానీ అప్పా. తొందరేం లేదు. చెయ్యి చూడాలని ఉంది."

ముజమ్మిల్ బల్ల వైపు చూశాడు. పెట్టకపోతే అబద్ధం ఇప్పుడే బయటపడుతుంది. పెడితే తండ్రికిచ్చిన మాట పోతుంది. పెట్టి చెడగొడితే రెండూ పోతాయి. ముప్పై నాలుగేళ్ల జీవితంలో అతను ఒక్క కన్ను పెట్టలేదు. చిలకకి కూడా పెట్టలేదు.

"బ్రష్షు?" అన్నాడు కర్నల్.

మెహజబీన్ సంచిలో పెట్టబోతున్న జీరో నంబరు బ్రష్షును ఆపింది. దాని మొనను పెదవులతో ఒకసారి సన్నం చేసి, అన్న ముందు పెట్టింది. తెల్లరంగు, గోధుమరంగు సీసాల మూతలు తీసిపెట్టింది. శ్రవణ్ వైపు తిరిగి, "నా బస్సు టైమైంది," అంది.

ముజమ్మిల్ కూర్చున్నాడు. బ్రష్షు తీసుకున్నాడు. తెల్లరంగులో ముంచాడు. కంటికి ఎంత రంగు పట్టాలో కూడా తెలియదని మొదటిసారి తెలిసింది. గోటి మీద చూసుకోవాలని గుర్తొచ్చింది. చూసుకున్నాడు. చిక్కగా ఉంది. పలచన చేశాడు. కర్నల్ ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

వెనక చెప్పులు వేసుకుంటున్న చప్పుడైంది. అద్దం తలుపు కిర్రుమంది. బజారు రొద లోపలికొచ్చింది, ఎవరో 'కొత్తకోట, కొత్తకోట' అని ఆటో పాసింజర్లను పిలుస్తున్నారు.

బ్రష్షు మొన సేనాపతి కనుగుంటకు గింజంత దూరంలో ఉంది.

"ఊఁ," అన్నాడు కర్నల్. "తెరువు."

"ఆగు," అన్నాడు ముజమ్మిల్.

కర్నల్ నాగప్ప తలెత్తాడు. "ఏమప్పా?"

ముజమ్మిల్ ఆ మాటన్నది ఆయనతో కాదు. గుమ్మంలో, తలుపు పట్టుకున్న ఎడమచెయ్యి అలాగే నిలిచిపోయింది. మెహజబీన్ ఆగింది. కానీ వెనక్కి తిరగలేదు.